ఎడమ పక్క బెలూన్

దయ్యాలున్నాయని నా ఎదుట అన్నవాళ్ళను నేను ఊరికే వదిలిపెట్టే రకం కాదు. బేతంచెర్లలో మా వీధిలోనే ఒక పిల్లకు దయ్యం పట్టిందని వేపమండలతో బాదుతుంటే, ఆ మండలు లాక్కుని బాదేవాడి వీపు మీదే నాలుగు తగిలించాను. పిల్లకు మలేరియా అని తర్వాత తేలింది. మైకులు పెట్టి స్వస్థత కూటాలు జరిపే మా పాస్టర్లతోనూ నాకు పడదు. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. తక్కినదంతా గ్రంథాలయంలోనూ, శనక్కాయలు కట్టిచ్చిన కాగితాల మీదా చదువుకున్నాను. కంటితో చూసి చేత్తో తడిమితే తప్ప దేన్నీ ఒప్పుకోను.

ఇది కంటితో చూసిందే. చేత్తో తడిమిందే. అందుకే నా బాధ.

నా కొడుకు దానియేలు నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. ముక్కుకు అడ్డం కట్టుకోవడానికి యజమాని ఒక్క గుడ్డపేలిక ఇచ్చిన పాపాన పోలేదు. దగ్గు మొదలైతే టీబీ అన్నారు, టీబీ మందులే మింగించారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని చెప్పే డాక్టరు దొరికేసరికి వాడు నాలుగడుగులు వేసి గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. సాయం అడగబోతే యజమాని, "బీడీలు తాగి తెచ్చుకున్య రోగానికి నేనేం జెయ్యాలప్పా?" అన్నాడు. నా కొడుకు పుట్టి బీడీ ముట్టలేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన వేలికున్న ఉంగరం రంగు కూడా నాకు జ్ఞాపకం.

దానియేలు కూతురు కెజియా. ఆళ్లగడ్డలో సిస్టర్లు నడిపే ఒక క్యాథలిక్ హైస్కూల్లో, హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. మేము ప్రొటెస్టెంటులం. అయినా చదువు గట్టిగా చెబుతారని చేర్పించాం. ఆ బడి గేటు మీద ఎప్పుడూ ఒక పెద్ద ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. ఖోఖోలో గెలిచినవాళ్ళు, వ్యాసరచనలో గెలిచినవాళ్ళు, బ్యాండులో డప్పు కొట్టినవాళ్ళు, అందరి ముఖాలూ అందులో ఉంటాయి. తన ముఖం కూడా అక్కడ పడాలని కెజియా ఆశ. ఆటల్లో చురుకు లేదు, పాట రాదు. అందుకని సైన్స్ ఫెయిర్‌కు ఊపిరితిత్తుల నమూనా తయారుచేసింది.

పెద్ద నీళ్ళసీసా అడుగు కోసి, మూతలోంచి రెండుగా చీలే గొట్టం దించి, లోపలి రెండు కొనలకూ రెండు బెలూన్లు కట్టింది. సీసా అడుగున ఇంకో బెలూన్ తోలు సాగదీసి బిగించింది. ఆ తోలును కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. అందరూ చేసేదే. ఈ పిల్ల ఒక పని ఎక్కువ చేసింది. ఎడమ పక్క బెలూన్లో బంక, రాతిపొడి కలిపి పోసి ఎండబెట్టింది. అది గట్టిపడి ఎండిన చింతకాయలా అయింది. ఎంత లాగినా ఉబ్బదు. కుడిది ఆరోగ్యం, ఎడమది రోగం అని చార్టు మీద రాసింది.

దసరా సెలవుల్లో ఇంటికి తెచ్చి తండ్రికి చూపించింది. దానియేలు మంచంలో లేచి కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఆ గట్టిది నాదా పాపా?"

"నీదే నాయనా."

"నాది గూడా ఉబ్బేటట్టు జెయ్‌రాదూ?"

పిల్ల సీసా గుడ్డలో చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత వాడిని నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఒకనాటి పొద్దున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, కూతురుంటే పిలిపించుకోమన్నాడు. ఆ మాటకు అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోడలిని మంచం దగ్గర ఉంచి బయల్దేరబోతుంటే దానియేలు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ పొద్దే గదా నాయనా దాని సైన్స్ ఫెయిర్?"

"పిల్చకొచ్చేకే పోతాండా."

"సగంలో పిల్చకరావాకు. జడ్జీలకు సూపిచ్చినాక పిల్చకరా. నాది ఉబ్బిందో లేదో సూసొచ్చి చెప్పు."

"యాడ ఉబ్బుతాది రా, బంక పోసి బండ జేసి పెట్టింటే!"

వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి బడి హాలు నిండా బల్లలు, బల్లల మీద అగ్నిపర్వతాలు, రాకెట్లు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. పిల్లలు చెమటలు కక్కుతూ వరసగా నిలబడి ఉన్నారు. ముఖ్య అతిథి ఇంకా రాలేదు. కెజియా నన్ను చూడగానే, "తాతా, నాయనకెట్లుంది?" అంది. నేను నోరు తెరిచేలోపే పెద్ద సిస్టరు వచ్చింది. ఆమెది కేరళ. పుస్తకం చదివినట్టు తెలుగు మాట్లాడుతుంది.

"తాతగారూ, మీరు కొంచెం కూర్చొనండి. అతిథిగారు వచ్చి వెళ్ళిన తరువాత పాపను పంపిస్తాను."

"తల్లీ, దీని నాయన ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉండాడు" అని గట్టిగా అనబోయి, పిల్ల ముఖం చూసి, "వీళ్ళ నాయనకు బాలేదు తల్లీ, బేగా పోవాల" అన్నాను.

"నాకు తెలుసు" అంది సిస్టరు. ఎలా తెలుసని నేను అడగలేదు.

జడ్జీలకు చూపించాకే రమ్మన్నాడని చెబితే కెజియా కూడా, "జడ్జి సారు నా బల్ల కాడికి వచ్చినాక పోదాం తాతా, నాయన అదే గదా చెప్పింది" అంది. సరే అని బల్లకు ఎదురుగా గోడ వారన స్టూలు మీద కూర్చున్నాను. వాడు అడిగింది చూడకుండా వెళ్ళి వాడి ముఖం ఎట్లా చూడను?

జడ్జి ఖాదర్ సారు, రిటైరైన సైన్సు మాస్టరు. కెజియా బల్ల దగ్గరికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుంటుండగానే చర్చి గంట మోగింది. మధ్యాహ్నం ఆ గంట మోగితే బడి మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. త్రికాల జపం అంటారు. పిల్లలు, టీచర్లు, సిస్టర్లు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, మరియమ్మ ప్రార్థన చెబుతారు. కెజియా కూడా బల్ల మీంచి చేతులు తీసి, జోడించి, కళ్ళు మూసుకుంది.

నేను ఆ ప్రార్థన చెప్పను. ఖాదర్ సారుకూ దాంతో పని లేదు. ఆ హాలులో కళ్ళు తెరిచి ఉన్నది మేమిద్దరమే అనుకుంటాను.

సీసాలో బెలూన్లు కదిలాయి.

ముందు కుడిది. తర్వాత ఎడమది. ఎండిన చింతకాయలా ఉన్నది మెత్తబడి, నిండి, సీసా గోడను తాకింది. మళ్ళీ ముడుచుకుంది. రెండూ కలిసే ఉబ్బుతున్నాయి, కలిసే తగ్గుతున్నాయి. అడుగు తోలు తనంతట తానే దిగి, లేస్తోంది. బల్లను ఎవరూ తాకలేదు.

ఇంకొకటి చెప్పాలి. దానియేలుకు పసితనంలో కోరింత దగ్గు వచ్చి తగ్గింది. అప్పటినుంచి నిద్రలో వాడి ఊపిరికి ఒక పద్ధతి పడింది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. భుజాన వేసుకుని నిద్రపుచ్చినవాణ్ణి, నాకు తెలియదా? ఫ్యాక్టరీ పొడి ఆ పద్ధతిని ఎప్పుడో చెరిపేసింది. చివరి రోజుల్లో వాడి ఊపిరి, లోతు బావిలోంచి నిండు బిందె చేదినట్టు ఉండేది. సీసాలో నేను చూసింది ఆ ఊపిరి కాదు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. ఏ బరువూ లేకుండా.

నిజం రాస్తున్నాను, నాకు భయం వేయలేదు. ఉబ్బింది, పోయి వానికి చెప్పాల, అనుకున్నాను.

ప్రార్థన ముగిసింది. బెలూన్లు ఆగాయి. ఖాదర్ సారు సీసాను ఎత్తి, తిప్పి, బల్ల గుడ్డ లేపి కిందికి వంగి చూశాడు.

"మోటారు యాడ పెట్టినావ్ పాపా?"

"మోటారు లేదు సార్. చేత్తోనే లాగల్ల."

"మల్ల రెండూ ఉబ్బుతాండాయే? నీ చార్టులో ఎడమది ఉబ్బదని రాసినావే?"

పిల్ల బిత్తరపోయి తోలు పట్టుకుని లాగింది. కుడిది ఉబ్బింది. ఎడమది బండలా ఉంది. మళ్ళీ లాగింది. అంతే. ఖాదర్ సారు నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

తర్వాత ముఖ్య అతిథి వచ్చాడు. ఉపన్యాసం అయింది. కెజియాకు ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. నవ్వుతూ తీసుకుంటుంటే ఫొటో కొట్టారు. అతిథి కారు గేటు దాటాక సిస్టరు మమ్మల్ని ఆఫీసులోకి పిలిచి తలుపు వేసింది.

నా బస్సు దారిలోని శిరివెళ్ల కూడా దాటకముందే దానియేలు పోయాడు. నా దగ్గర సెల్లు లేదు కాబట్టి కోడలు బడికి ఫోన్ చేసింది. నేను హాలులోకి అడుగుపెట్టేసరికే సిస్టరుకు తెలుసు.

"పాప బహుమతి తీసుకొనే వరకైనా సంతోషముగా ఉండనీ అనుకొన్నాను" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"తండ్రి చచ్చిన సంగతి దాసిపెట్టేకి నీకెవురిచ్చిరి తల్లీ ఆ హక్కు?" అన్నాను. ఆమె మమ్మల్ని బడి కారులోనే నంద్యాలకు పంపింది. దారంతా కెజియా సీసాను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రిలో తండ్రి ముఖం మీద గుడ్డ తీసి అది అన్న మాట: "నాయనా, నీది ఉబ్బలేదు నాయనా. నాకు చేతగాలేదు."

"ఉబ్బింది పాపా. నేను సూసినా" అన్నాను.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు. తాత తనను ఊరడించడానికి అన్నాడనుకుంటుంది. గట్టిగా చెబితే, "ప్రార్థనకు చేతులెత్తినప్పుడు నా చెయ్యి బల్లకు తగిలింటాది, కుడిది కదిలింటాది తాతా" అంటుంది. ఖాదర్ సారును వెతుక్కుంటూ పోయి, వచ్చి పిల్లకు ఒక మాట చెప్పమని బతిమాలాను. "నా కండ్లు మసకలు పెద్దాయనా, నన్నడగాకు" అన్నాడు. మసక కళ్ళవాడు మోటారు కోసం బల్ల కిందికి ఎందుకు వంగాడు?

సీసా మా ఇంట్లోనే ఉంది. ఎడమ బెలూన్ విప్పి నోటితో ఊదాను, సైకిలు పంపుతో కొట్టాను. వేలితో నొక్కితే లోపల రాయి. వేడికి గాలి వ్యాకోచిస్తుందని నాకూ తెలుసు, ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వ్యాకోచించిన గాలి రెండు చిన్నవి, ఒకటి పెద్దది అని వరస పెట్టుకుంటుందా?

గేటు మీద ఫ్లెక్సీలో కెజియా ముఖం పడింది. అందులో అది నవ్వుతోంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆనాడు జరిగింది ఏమిటో నాకు తెలియదు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకలేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఇన్నేళ్ళ బతుకులో ఎవరి కన్నీళ్ళు తుడవడానికీ నేను అబద్ధమాడలేదు. పిల్ల నాతో ఎన్నిసార్లు వాదించినా నా మాట అదే. పాపా, మీ నాయనది ఉబ్బింది.