ఫ్రీడ్‌లాండ్ పాఠం మధ్యలో

తమిళనాడు ధర్మపురిలో, ఆడపిల్లల బడిలో నేను చరిత్ర చెబుతాను. ఫ్రెంచి చక్రవర్తి రష్యా సైన్యాన్ని ఓడించిన ఫ్రీడ్‌లాండ్ యుద్ధం గురించి మా పుస్తకంలో ఉన్నది ఒకే వాక్యం. గెలుపంతా ఫిరంగులదే, ఆ మాటే అందులో లేదు.

మా నాన్న సైన్యంలో ఫిరంగుల దగ్గరే పనిచేసి వచ్చాడు. ఆ మోతకు చెవులు మందగించాయి. "నైనా, మా పిల్లోళ్ళకి వచ్చి చెప్తావా?" అని గట్టిగా అడిగాను. వారం రోజులు కూర్చుని, పాలకోడు మండీలో పారేసిన టమాటా పెట్టెల పలకలతో ఎనిమిది ఫిరంగులు చేశాడు.

ఆ రోజు బల్లలు జరిపించి, నేలమీద సుద్దతో ఏటి వంపు గీశాడు. వంపులో రష్యా సైన్యం, వెనక వంతెనలు. నాన్న మోకాళ్ళమీద కూర్చుని ఫిరంగుల్ని ముందుకు తోస్తున్నాడు. తమిళంలో మొదలుపెట్టినవాడు ఉత్సాహంలో తెలుగులోకి వచ్చేశాడు.

"దూరంగా నిలబడి కాల్చలే. కాల్చినారు, ముందుకి తోసినారు, మళ్ళా కాల్చినారు. ఎదుటోడి మొగం కనబడేంత దగ్గిరికి పోయినారు!"

తెలుగు రాని పిల్లలు కూడా బెంచీలెక్కి చూస్తున్నారు. అంతలో హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చారు.

"ఇది పరీక్షలో వస్తుందా టీచర్? రేపు టెస్టు పెట్టుకుని ఈ ఆటలేమిటి?" అన్నారు తమిళంలో.

ఐదు నిమిషాలు ఇవ్వండి అని అడగాల్సింది. అడగలేదు. నాన్న భుజం పట్టుకుని, "చాలు నైనా, లెయ్," అని అరిచాను.

"అసలు సంగతికి ఇప్పుడే వచ్చినాను కదమ్మా," అన్నాడు. నేను వంగి ఫిరంగులు ఏరడం మొదలుపెట్టాను. అప్పుడు లేచాడు.

బస్టాండులో నేను హెడ్‌మిస్ట్రెస్‌ను తిడుతుంటే ఆపాడు. "ఆమె ఏమన్నిందో నాకు వినపళ్ళేదు. నువ్వు చాలన్నింది వినపడింది."

మర్నాడు టెస్టు అయ్యాక మిగతాది నేనే చెప్పాను. వంతెనలు తగలబడ్డాయని, చాలామంది ఏట్లో మునిగిపోయారని. పిల్లలు తలలొంచుకుని రాసుకున్నారు. చివర ఒకమ్మాయి, "తాత రాలేదా మిస్?" అంది.

ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పాను, మళ్ళీ బడికి రమ్మని బతిమాలాను. "వద్దులేమ్మా, నీకు ఇబ్బంది," అన్నాడు. అన్నదానిలో కోపం లేదు. కోపగించుకుని ఉంటే నాకు ఇంత మంటగా ఉండేది కాదు.