షార్జాలో జమ్మి

నిజాముద్దీన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. షార్జాలో కూలీల బస్సు నడపబట్టి ఏళ్లూ పూళ్లూ అయింది గానీ, ఆ కోపం మాత్రం ధర్మపురి నుంచి వెంట తెచ్చుకున్నదే. గుడి దారిలో గాజులమ్మిన తండ్రి కూడా అంతే, బేరమాడే వాళ్లను కసురుకుంటూనే గాజులు తొడిగేవాడు.

కోపం రాక ఏం చేస్తుంది? క్యాంపులో లక్నో వాళ్ల గదికి ఇఫ్తారుకు పోతే ఆయన ఉర్దూకు కిసుక్కున నవ్వుతారు. వద్దనడానికి ఒక్కసారి మన దిక్కు ఉర్దూలో ‘నక్కో’ అన్నాడంటే పండుగ దాకా అదే పేరు పెట్టి పిలుస్తారు. సెలవు మీద ఇంటికి పోతేనో, సొంత చుట్టాలే ‘దుబాయి సేటు’ అంటారు. తానుండేది దుబాయి కాదని, సేటు అసలే కాదని చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి బతుకు!

ఆయనకు ప్రాణం కుదుటపడేది తనుండే గదిలోనే. అందరూ కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కువాళ్లు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపి, ఆ కూలి చాలక వచ్చిన సిద్దిరాములు అక్కడ పచ్చిపులుసు చేస్తాడు. ఉప్పెక్కువైతే మన మాటలోనే కడుపారా తిట్టొచ్చు. ఆ తిట్లే ఆయనకు ఇల్లు.

అలాంటి గదిలోకి ఈ ఏడు శ్రీహరి అనే కుర్రాడు దిగాడు. నిర్మల్ వాడు, ఏసీలు బాగుచేస్తాడు. దసరా పొద్దున జమ్మి తానే తెస్తానని బయలుదేరాడు. జమ్మి ఎక్కడుందో చెబుదామని నిజాముద్దీన్ నోరు తెరిచాడు.

“నీకెందుకు భాయ్ గీ ఫికర్? మా పండుగ మేం చూస్కుంటం” అని శ్రీహరి చక్కా పోయాడు.

ఆ మాట నిజాముద్దీన్‌కు ముల్లులా దిగింది. దసరా నాడు ఇరుగు పొరుగు చేతిలో బంగారమని జమ్మి ఆకు పెట్టి, అలయ్ బలయ్ అంటూ వాటేసుకోనిదే ఆయన తండ్రి ముద్ద ముట్టేవాడు కాదు. ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన పోరడు ‘మా పండుగ’ అంటాడా? ఈ గదిలో కూడా పరాయివాడినైతే ఇక తనకు మిగిలిందేమిటి, బస్సు సీటా? రోజంతా ఆ ఉడుకుతోనే బండి నడిపాడు.

సాయంత్రం గదికొచ్చేసరికి శ్రీహరి కవరు నిండా ఆకు తెచ్చి సిద్దిరాములు చేతిలో పెట్టబోతున్నాడు. నిజాముద్దీన్ చూశాడు. మాట్లాడకూడదనుకున్నాడు. ఆ ఆకు చూశాక నోరు ఊరుకుంటేనా!

“గది సర్కారు తుమ్మరా! మేకలు గుడ ముట్టని ఆకును బంగారమని పెడుతున్నవా?”

“గీ ఎడారిల జమ్మి యాడ దొరుకుతది భాయ్?”

“నా బస్సు నిలవెట్టే కాడ్నే ఉన్నది! పొద్దుగాల గదే చెప్పబోతి, నువ్వు ఇనవైతివి. నడువుండ్రి, బస్సెక్కుండ్రి అందరు!”

నిజమే. అరబ్బులు గాఫ్ అంటారు గానీ అది మన జమ్మే. కొమ్మ విరిస్తే జరిమానా వేస్తారని, కింద రాలిన రెమ్మలే ఏరుకోనిచ్చాడు నిజాముద్దీన్. చెప్పులతో చెట్టు దగ్గరికి వచ్చినందుకు ఒకరిని, సెల్ఫీలు దిగుతున్నందుకు ఇంకొకరిని దులిపేశాడు.

అందరూ మొక్కాక శ్రీహరి రెమ్మ పట్టుకుని దిక్కులు చూశాడు. “ముందుగాల ఎవలికి పెట్టాలె?”

సిద్దిరాములుకు చిర్రెత్తుకొచ్చింది. “గిది గుడ అడుగుతరార? పెద్దోనికే కద పెట్టుడు. మనల నిజామన్న కంటె పెద్దోడు ఎవడున్నడు?”

శ్రీహరి తలవంచుకుని వచ్చి, నిజాముద్దీన్ చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కాడు. ‘మీ పండుగ కదా, నాకెందుకు?’ అని అనాలని పొద్దుటి నుంచి దాచుకున్న మాట నిజాముద్దీన్‌కు అప్పుడు గుర్తే రాలేదు. కళ్లు మసకబారాయి.

“ఒళ్లంత చెమటకంపు! పండుగనాడు తానమన్న చెయ్యద్దార, బేవకూఫ్!” అని కసురుతూనే వాణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు.

“సస్తి చిచ్చా, జర విడువు” అని శ్రీహరి వరస కలిపి మొత్తుకున్నా విడవలేదు.