మజ్జిగ మీద వేసిన నింద

మా కరివేపాకు మొక్క ఎలా చచ్చిపోయిందో నాకు తెలుసు. చెప్పలేదు. మా ఆవిడ మజ్జిగ పోసి చంపిందన్న మాటే ఏళ్ల తరబడి చెలామణీ అయింది. ఆ మాట పుట్టించింది నేను.

డబ్లిన్ చుట్టూ ఎటు చూసినా క్రేన్లు కనబడే రోజులవి. ఆ ఊరి శివారు లూకన్‌లో, ఒక కొత్త ఇళ్ల ఎస్టేటులో అద్దెకు ఉండేవాళ్లం. పెరట్లో పార దించితే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు. బిల్డరు వాటిమీద పల్చగా మట్టి పరిచి గడ్డి వేసి పోయాడు. మా ఆవిడ చదువుకున్నదే అయినా, నా వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు.

ఊరినుంచి తెచ్చిన కరివేప గింజల్ని ఆవిడ తడిగుడ్డలో చుట్టి హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారాలో, తువ్వాళ్ల మధ్య పెట్టింది. ఒక్కటే మొలిచింది.

"ఒక్కటైనా నా మాట విందండీ" అంది.

పగలంతా దానితోనే మాట్లాడేది. ఇంకెవరున్నారు?

రెండో ఏడు ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యంతా పసుపుగా. ఇక్కడి కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఆ సున్నం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదని చదివాను.

"పుల్ల మజ్జిగ పోద్దామండీ. మా అమ్మ అదే పోసేది."

"నంచుకోడానికి ఆవకాయ ముక్క కూడా పెట్టు" అన్నాను.

వేళ్లకున్న మట్టంతా కడిగేసి, మొక్కను కాల్చిన బంకమట్టి గుళికల బకెట్లో పెట్టాను. ఇక మట్టి అక్కర్లేదు, సున్నం లేని వాననీళ్లలో పోషకాలు కలిపి పోస్తే చాలన్నాను. ఆ పోషకాలు రెండు సీసాల్లో వస్తాయి. విడివిడిగా నీళ్లలో కలపాలి. రెండుసార్లు కొలవడం ఎందుకని నేను ఆ చిక్కటి ద్రావణాలు రెంటినీ ఒకే సీసాలో పోసేశాను. అడుగున తెల్లటి మడ్డి దిగింది. పైన తేరిన నీళ్లే వాడాను. మట్టిలో ఉన్న మొక్క వేరు చాచి కాస్తో కూస్తో వెతుక్కుంటుంది. బకెట్లో మొక్కకు మనం పోసిందే తిండి.

చిగుళ్లు కొసలనుంచి మాడిపోయాయి. అప్పుడు మా ఆవిడ భయపడి, నేను లేనప్పుడు కాస్త మజ్జిగ పోసింది. ఆ వారమే మొక్క ఎండిపోయింది.

ఆఫీసులో నా పక్క సీటు ఐరిష్ ఆయన వాళ్ల నాన్న గాజు షెడ్లలో టమాటాలు పండించేవాడు. జరిగింది చెబితే ఆయన తల పట్టుకున్నాడు.

"రెండూ కలిపేశావా? కాల్షియమంతా ఆ మడ్డిలోనే ఉండిపోయింది కదా! పాపం, ఆకలికి చచ్చింది నీ మొక్క."

ఆ సాయంత్రం ఆవిడకు చెప్పాలనే ఇంటికొచ్చాను. స్నేహితులు వచ్చి ఉన్నారు. మొక్కేదని ఎవరో అడిగారు.

"మా ఆవిడ మజ్జిగ తాగించి సాగనంపింది" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా "వదినా, మా మొక్కల దగ్గరికి మజ్జిగ తేకండి" అనేవాళ్లు. తులసి మొక్క ఇస్తామన్నా ఆవిడ తీసుకోలేదు. "వద్దులెండి, నా చెయ్యి మంచిది కాదు" అనేది. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి. హాట్ ప్రెస్‌లో మళ్లీ ఏ గింజా మొలకెత్తలేదు. ఆ ఇంటి పగళ్లు ఆవిడ ఎలా గడిపిందో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగినా ఆ రోజులు తిరిగి రావు.

మొన్న మా అమ్మాయి ఒక కరివేప మొక్క కొనుక్కొచ్చింది. ఇక్కడే పెరిగిన పిల్ల.

"మామ్, నో బటర్‌మిల్క్, ఓకే?" అని నవ్వింది.

వాళ్లమ్మ కుండీని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు, అమ్మాయి ఎదుటే, అంతా చెప్పేశాను, రెండు సీసాల సంగతీ, మడ్డి సంగతీ, ఆ సాయంత్రం నాకు తెలిసే నోరు మూసుకున్న సంగతీ. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్లకా అండీ చెప్పేది?"

"నీ చెయ్యి మంచిదే. ఆ మొక్కను చంపింది నేను. నింద నీ మీద వేశాను. నన్ను క్షమించు" అన్నాను.