మార్తమ్మ శ్రుతి

మదనపల్లె దేవసహాయం చెప్పులు విడవనిదే చర్చిలో పాటలకు వాయించే కీబోర్డు ముందు కూర్చోడు. కూర్చున్నాక తువ్వాలుతో మెట్లన్నీ తుడుస్తాడు. తొంభై నాలుగులో బెంగళూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఆ వర్క్‌స్టేషన్ కీబోర్డుకి పన్నెండేళ్లు. మెట్లు పసుపెక్కాయి, తెర మసకబారింది. "మార్చెయ్ అన్నా, దీన్ని మోసేదానికే నీ నడుము పోతాది" అని పుంగనూరు పాటగాళ్లు ఎగతాళి చేస్తే, "మా చర్చిలో ఎవురు యాడ ఎత్తుకుంటారో దీనికి తెలుసప్పా, కొత్తదానికి మళ్లా ఎవురు నేర్పేది?" అంటాడు. నిజమే, ఒక్కొక్కరి శ్రుతినీ వాళ్ల పేరుతోనే అందులో దాచుకున్నాడు. ఆసుపత్రి ఆయా మార్తమ్మది అందరికంటే పైశ్రుతి. ఆదివారాల్లో మాత్రం జనానికి అందాలని ఆమె గొంతు దించుకునే పాడేది. "ఒకతూరి నా శ్రుతిలో వాయించప్పా" అని అడుగుతానే ఉండేది. "వచ్చే వారం సూద్దాంలేమ్మా" అంటానే ఉండేవాడు. ఆమె పోయిన రోజు శవపేటిక పక్కన కూర్చుని, ఆమె పేరు మీద దాచిన శ్రుతి పెట్టి పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణానికే అందరి గొంతులూ చీలిపోయాయి. "దించప్పా, అందడం లేదు" అన్నాడు సంఘపెద్ద ఎలీషా. దేవసహాయం తల ఎత్తలేదు. "ఇన్నేళ్లూ ఆయమ్మే మనకోసం దిగింది గదన్నా. ఈ పొద్దు మనం ఎక్కుదాం" అని, పాటను మళ్లీ మొదటినుంచి అదే శ్రుతిలో అందుకున్నాడు. ఎలీషా కళ్లు మూసుకుని, మునివేళ్ల మీద లేచి గొంతెత్తాడు.