పావురాల చాటున లేని కత్తెర

"ఉందండీ. అక్కడ కట్ ఉంది" అన్నాను.

లేదని నాకు అప్పటికే తెలుసు. అనుమానంగా కాదు, నిశ్చయంగా తెలుసు. ఫోన్‌లో అవతల ఉన్నది సినిమా ఫైటర్ల సంఘం కార్యదర్శి. యూనిట్ వాళ్లు తలా ఒకటి చెబుతున్నారని, నేను బయటి మనిషిని గనక, సినిమా తెలిసినవాణ్ని గనక నా మాటే తమకు ఆఖరని అన్నాడు. ఆ మాటకు లోపల కాస్త పొంగాను కూడా. జవాబు విని, థాంక్స్ సార్ అని పెట్టేశాడు. అంతే జరిగింది. ఆ ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పేర్లు చెప్పను. నా పేరు, ఆ సినిమా పేరు కూడా. నేను ఒక దినపత్రికలో సినిమాల గురించి రాసేవాణ్ని. శుక్రవారం సమీక్ష, ఆదివారం పెద్ద వ్యాసం. మా నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి శాలిబండలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. నేను అక్కడే పెరిగాను. అందుకే ఒక యాక్షన్ సినిమా మా పాతబస్తీ మిద్దెల మీద తీశారంటే ముందు వరసలో కూర్చుని చూసినంత ఆత్రంగా చూశాను.

కథ గొప్పదేమీ కాదు. తమ్ముణ్ని వెతుక్కుంటూ వచ్చిన ఒక అక్క. దాన్ని చెప్పిన తీరు గొప్పది. మొదటి సగమంతా ఆమె గోడవారగానే నడుస్తుంది. కెమెరా ఆమెను గుమ్మాల్లోనో, లాడ్ బజార్ గాజుల అరల మధ్యనో ఇరికించి పెడుతుంది. తెర మీద ఎక్కడా ఆకాశం ఉండదు. ఇంటర్వెల్ తర్వాత రౌడీలు తరుముతుంటే ఆమె మొదటిసారి మిద్దెక్కుతుంది. ఒక్కసారిగా తెరంతా ఆకాశం. సంగీతం ఆగిపోతుంది. కింద బజారు రొద, ఆమె ఊపిరి, ఇంకేం వినపడవు. మిద్దె అంచుకు పరుగెత్తుకొస్తుంది. ముందు సందు, అవతల ఇంకో మిద్దె. సరిగ్గా అప్పుడే పావురాలు గుంపుగా లేచి తెరను కప్పేస్తాయి. రెక్కలు తొలగేసరికి ఆమె అవతలి మిద్దె మీద ఉంటుంది.

అందరూ చివరి ఫైటు గురించి రాశారు. నేను ఈ పావురాల గురించి రాశాను. రెండు వేరువేరు ముక్కలను దర్శకుడు ఆ రెక్కల కింద అతికించాడని, మనం చూడని దూకును చూసినట్టే నమ్మించాడని, యాక్షన్ సినిమాలో నేర్పంటే దెబ్బ చూపించడం కాదు, అతుకు దాచడమని రాశాను. 'పావురాల చాటు కత్తెర' అని పేరు పెట్టాను. తలవంచుకుని రాస్తున్నాననుకోకండి. అది మంచి వ్యాసం. ఇప్పుడు చదివినా ఒక్క మాట తీసేయాలనిపించదు. తెలుగులో ఒక షాటు గురించి అంత నిదానంగా, అంత ప్రేమగా రాసినవాళ్లు తక్కువ. సినిమా పాఠాలు చెప్పేవాళ్లు దాన్ని జిరాక్సులు తీసి పంచారు. దర్శకుడు ఒక వేదిక మీద, తన రహస్యం నేను కనిపెట్టేశానని అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

కొన్నాళ్లకు ఒక అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. సునంద అనుకుందాం. అలియాబాద్ పిల్ల, కబడ్డీ ఆడేది. మెడలో చిన్న సిలువ. తండ్రికి సర్కారు నీళ్ల పైపుల దగ్గర ఉద్యోగం. నిటారుగా నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గా పావురాల ముచ్చట రాసింది మీరేనా సార్?"

అవునన్నాను, పొగడ్తకు సిద్ధపడుతూ.

"మస్తు రాసిండ్రు. మా బాపు రెండుసార్లు చదివిండు. గని గాడ కట్ లేదు సార్. దుంకింది నేను."

హీరోయిన్‌కు బదులు తాను చేశానని, తాడు లేదని, షాటు మధ్యలో ఎక్కడా ఆగలేదని చెప్పింది. నేను నవ్వాను. తెల్లకాగితం తీసి, మొదటి ముక్క ఎక్కడ ఆగుతుందో, రెండోది ఎక్కడ మొదలవుతుందో బొమ్మ గీసి చూపించాను. దూకిన మనిషికే! ఆమె ఓపిగ్గా చివరిదాకా విన్నది.

"మంచిగున్నది సార్. గని నేను దుంకేటప్పుడు మీరు ఏడున్నరు?"

నేను పెన్నుకు మూత పెట్టాను.

"గా పావురాలు మావి కావు. పక్క మిద్దె భాయ్‌వి. పోయి అడుగుండ్రి. సంఘంల కార్డుకు పెట్టుకున్న సార్. తాడు లేకుంట దుంకినోళ్లకే ఇస్తరంట. దుంకిన అంటె మీ పేపర్ తెచ్చి ముంగట పెడుతున్నరు. కార్డు లేకుంటె సినిమాల పనియ్యరు. దుంకింది నిజమేనని నాలుగు ముక్కలు రాయుండ్రి. గంతే."

చూద్దాం అమ్మా, అన్నాను. మా ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం ఏమిటో మీకు తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది.

"చూసుడు మీ పనే కద సార్. జర మంచిగ చూడుండ్రి" అని వెళ్లిపోయింది.

వెళ్లాను. నిజం తెలుసుకోవడానికి వెళ్లానా, ఆమె తప్పని తేల్చడానికా? రెండోదే అనుకుంటాను. మిద్దె మీద గూళ్ల మధ్య పావురాలకు గింజలు చల్లుతూ ఒక పెద్దాయన ఉన్నాడు. సినిమా మాట ఎత్తగానే షూటింగ్ వాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు బెదిరి ఎగిరిన వాటిలో మంచి జాతి జంట ఒకటి మళ్లీ రాలేదట. వాళ్లే కావాలని ఎగరేయించారా అని అడిగాను. నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

"ఎవలు ఎగరేసిండ్రు సాబ్? గా పోరి గాల్లకు లేచింది. పోరి కాదు, షిక్రా. గందుకే నా కబూతర్లు భయపడి లేచినయ్."

షిక్రా అంటే పావురాలను తన్నుకుపోయే డేగ. నేను మెట్లు దిగి నయాపూల్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి సినిమాహాలుకు పోయి మళ్లీ చూశాను. ఈసారి పావురాలను చూడలేదు. పావురాలు కప్పని తెర కింది అంచున, సందు చివరి ఇంటి గోడ కనిపిస్తుంది. ఏటవాలు ఎండ. ఆ గోడ మీద ఆమె నీడ సందు దాటుతోంది. ఎక్కడా తెగలేదు. ఇవతల మొదలై అవతల ఆగింది. పావురాలు ఆమెను దాచడానికి లేవలేదు, ఆమె దూకింది కాబట్టి లేచాయి. నేను కారణాన్ని, ఫలితాన్ని తలకిందులు చేసి, అంత అందంగా రాశాను.

ఆ హాల్లోంచి బయటికి వచ్చినప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు. ఎంత గొప్ప షాటు ఇది, అనిపించింది. ఆ అక్క భయమంతా మొదటి సగంలో గోడలుగా పేర్చి, దాన్ని ఒక్క ఊపిరిలో, అతుకు లేకుండా దాటించారు. నేను పొగిడిన దానికంటే చాలా గొప్పది. అది రాస్తే మొదటి వ్యాసాన్ని మించేది. ఎందుకు రాయలేదు?

ఇతరుల తప్పులకు సవరణలు వేసినవాణ్ని. ఒక ఊరి పేరు తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు, ఎవరూ చచ్చిపోలేదు. ఇది కూడా అంతే కదా? కాదు. ఊరి పేరు నేను కనిపెట్టింది కాదు. ఆ కత్తెర నేను కనిపెట్టింది. జనం నన్ను నమ్మింది నా కన్నును చూసి. ఆ కన్నే తప్పు చూసిందని నేనే చెప్పాలా అనుకున్నాను. దర్శకుడూ ఒప్పుకున్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో ఊహించడం కష్టం కాదు. చాకచక్యం తనదవుతుంది, పైగా తాడు లేకుండా ఆడపిల్లను దూకించినందుకు జవాబు చెప్పుకునే తలనొప్పి తప్పుతుంది. ఆయన ఔనన్నాక ఫైట్ మాస్టర్ కాదనలేకపోయాడు. మిగిలింది నేను. కార్యదర్శి నాకు ఫోన్ చేసింది అందుకే.

రాయకపోవడం ఒక తప్పు. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం ఇంకొకటి. మొదటిదాన్ని బద్ధకమనో, పిరికితనమనో అనుకోవచ్చు. రెండోదానికి పేరు గర్వమే. అది నాలో ఇప్పటికీ ఉంది. ఈ కాగితం మీద కూడా మీకు కనిపిస్తూనే ఉంటుంది.

ఆమెకు కార్డు రాలేదు. సినిమా పని మానుకుని బార్కస్ దగ్గర ఒక బడిలో ఆటలు నేర్పుతోంది. నా వ్యాసాన్ని ఇంకా పాఠంగా చెబుతున్నారు. ఆ పాఠం విన్న ఒక కుర్రాడు ఈ మధ్య ఏదో సభలో నన్ను కలిసి, పావురాల షాటు వల్లే నేను ఎడిటింగ్ నేర్చుకున్నానండీ అన్నాడు. సంతోషించాను. ఆ సంతోషం నాకే రోత పుట్టించింది.

పోయిన నెల సంఘానికి నేనే ఫోన్ చేశాను. పాత కార్యదర్శి లేడు, చనిపోయాడట. కొత్తాయనకు చెప్పాను, అక్కడ కట్ లేదని, అప్పట్లో పొరపాటు పడ్డానని. పొరపాటు! అక్కడ కూడా ఆ మాటే వాడాను. అది పొరపాటు కాదు, తెలిసి చెప్పిన అబద్ధమని మొదటిసారి ఇక్కడే అంటున్నాను. అనగానే ఛాతీ కొంచెం తేలికైంది. అలా తేలికపడే అర్హత నాకుందా అంటే, లేదు. అయినా తేలికైంది, అది దాచి ఏం లాభం?

ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిస్తామన్నాడు కొత్తాయన. బడికి ఫోన్ చేసి ఆ కబురు అందించాను. మధ్యలో నా పాత్ర ఏమిటో చెప్పలేకపోయాను. విని, సరే సార్ అన్నది. పెట్టుకుంటావా అని నేను అడగలేదు.

ఆమె దరఖాస్తు సంఘానికి ఇంకా రాలేదట.