పసుపు కొమ్ము కట్టిన గ్రాఫిక్స్ కార్డు

మొన్న మా ఇంట్లో నేను చేసిన ఘనకార్యం వినండప్పా. నవ్వుకుంటే నవ్వుకోండి, మా లక్ష్మి ఇంకా నవ్వుతానే ఉంది.

మాది ఎమ్మిగనూరు. మా ఆవిడ లక్ష్మి మగ్గం నేస్తాది, నేను కంప్యూటర్లో చీరల డిజైన్లు గీస్తాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సోకు ఉంది. గీసిన చీరను ఒక బొమ్మకు కట్టి, చుట్టూ తిప్పి చూపిస్తాది. దానికి మాత్రం వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండాల. 'ఆప్షనల్' అని రాసుంది. నేను ఊరుకుంటానా? ఆదోనికి పోయి కొనుక్కొచ్చినాను.

"ఆప్షనల్ అంటే ఏంది?" అనింది లక్ష్మి.

"ఉంటే మంచిది, లేకున్నా పనైతాది."

"మరి యాల తెచ్చినావు?"

"నీకు తెలీదులే," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. లక్ష్మి మగ్గానికి పసుపు దారంతో పసుపు కొమ్ము కట్టింది. నేనేం తక్కువ తిన్నానా? మా ఇంట్లో కొత్త పనిముట్టు కార్డే కదా! కంప్యూటర్ డబ్బా విప్పి, కార్డుకు కొమ్ము కట్టి, బొట్టు పెట్టి, మళ్లీ మూసేసినాను.

రెండు రోజులకు ఆదోని నుంచి చీరల షావుకారు వచ్చినాడు. ఆయన ఆర్డరిస్తేనే మా మగ్గం ఆడేది, లేకుంటే ఖాళీ. కుర్చీ వేసి, టీ ఇచ్చి, "సూడన్నా తమాషా!" అని బటన్ నొక్కినాను. బొమ్మ చీర కట్టుకొని అర చుట్టు తిరిగింది. అంతే, స్క్రీన్ నల్లగా అయిపోయింది! మళ్లీ ఆన్ చేసినా. మళ్లీ నలుపే!

కార్డు అమ్మినాయనకు ఫోన్ చేసి, "పాడైన సరుకు అంటగట్టినావు!" అని అరిచినాను.

ఆయన నిదానంగా, "డబ్బా తెరిచి కార్డు ఫ్యాను తిరుగుతాందా సూడప్పా. అది తిరక్కపోతే వేడెక్కి ఆగిపోతాది," అన్నాడు.

తెరిచినాను. షావుకారు కూడా తొంగి చూసినాడు. ఫ్యాను రెక్కల్లో పసుపు కొమ్ము ఇరుక్కొని ఉంది, దారం చుట్టూ చుట్టుకొని ఉంది!

"పూజ గట్టిగానే చేసినావప్పా," అన్నాడు షావుకారు.

అప్పుడు లక్ష్మి లోపలికి పోయి, ఆ బొమ్మ చీర అంచుతోనే తాను నేసిపెట్టిన జానెడు గుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి చూసినాడు. "ఇది సాలమ్మా నాకు. పది చీరలు నెయ్యి," అని బస్సుకు పోయినాడు.

ఇప్పుడు మగ్గం ఆడుతాంది. నిన్న ఎవరో వాకిట్లోకి వచ్చి, "మీ ఆయన ఉండాడా అక్కా?" అని అడిగినారు.

మగ్గం మీద నుంచి లేవకుండానే అనింది లక్ష్మి: "ఉండాడప్పా, ఆప్షనల్‌గా!"