గుప్పిట్లో ఉప్పు

అన్నం తినే చేత్తో ఒట్టేసి చెప్తున్నా, ఇందులో నేను కలిపింది ఒక్క ముక్క లేదు. నా చదువు ఐదో తరగతే గానీ జ్ఞాపకం గట్టిది. ఎవరింట పెళ్ళికి ఏ కూర వండారో అడగండి, చెప్తాను.

మాది బందరు. మా ఆయనకి గిలకలదిండిలో చేపల వేలం దగ్గర పని. మా మరిది శీను మా ఇంట్లో మొదటి ఇంజనీరు. గుడివాడలో చదివాడు, హైదరాబాదులో ఉద్యోగం. ఆ ఏడు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, కట్టుతో ఇంటికొచ్చాడు. ముందు గదిలో మంచం మీద కూర్చునే కంప్యూటర్ పని చేసేవాడు. ఇంట్లో నెట్ పెట్టించిన కొత్త.

కంప్యూటర్‌కి అడుగున కెర్నెల్ అని ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుందంట. అది ఏ క్షణంలో ఏం చేసిందో పుస్తకంలో రాసినట్టు రాసిపెట్టే కోడ్ మావాడిది. ఆ రాసే చోటే ఎక్కడో తప్పుంది. ఎప్పుడో వెయ్యిసార్లకొకసారి మొత్తం బిగుసుకుపోతుంది.

"రెండు పనులు ఒకేసారి ఒకే చోట రాసేస్తున్నాయి వదినా. అవేవో తెలీట్లేదు. పట్టుకుందామని కాపలా పెడితే, ఆ కాపలాకే టైం మారిపోయి తప్పు రావడం మానేస్తోంది. చూస్తుంటే రాదు. చూడకపోతే వస్తుంది."

"అదేం దయ్యంరా," అన్నాను.

వాడు నవ్వలేదు. తెల్లారేలోగా పట్టుకోకపోతే ఉద్యోగం తీసేస్తామన్నారంట.

రాత్రి ఎనిమిదిన్నర. ముసురు. మా ఆయన ఇంకా రాలేదు. ఇంట్లో మేమిద్దరమే. సన్నమంట మీద చేపల పులుసు. జాడీలోంచి కళ్ళుప్పు గుప్పిట్లోకి తీసుకున్నాను... అప్పుడే పిలిచాడు.

"వదినా, ఇక నా ఉద్యోగం పోయినట్టే."

ఉప్పు అలాగే పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"రెండు చేతులు ఒకేచోట పడటం ఏం వింతరా. మీ అమ్మ బతికుండగా మేమిద్దరం చేసింది ఇదేగా. పులుసులో ఉప్పు పడలేదనుకుని నేను వేసేదాన్ని. ఆవిడా అలాగే అనుకుని వేసేది. నోట పెట్టలేకపోయేవాళ్ళు మీరంతా."

"మరెలా తెలిసింది?"

"ఒకరోజు ఉప్పు గుప్పిట్లో పెట్టుకుని, వెయ్యకుండా పొయ్యి పక్కనే ఆగాను. అంతే. ఆవిడ చెయ్యి వచ్చింది."

శీను నా గుప్పిట వంక చూశాడు.

"కాపలా వద్దు వదినా. రాసేదాన్నే మధ్యలో ఆపేస్తా. ఆ సందులో ఇంకెవరి చెయ్యి వస్తే వాళ్ళే."

టకటకా కొట్టాడు. నేను అక్కడే నిలబడ్డాను. వాన చప్పుడు... ఫ్యాను చప్పుడు... పావుగంట. స్క్రీన్ మీద పరిగెత్తే అక్షరాలు ఆగిపోయాయి.

"దొరికాయి. ఒకటి ఇప్పుడు నడుస్తున్న పని. రెండోది..." గొంతు తగ్గించాడు. "రెండోది అయిపోయిన పని వదినా. వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయినది ఎలా రాస్తుందిరా?"

"వెళ్తూ వెళ్తూ ఆఖరి ముక్క ఇంకా రాస్తోంది. మేమేమో పోయిందనుకుని అది రాస్తున్న కాగితాన్నే ఇంకోదానికి ఇచ్చేశాం."

వాడి మొహంలోకి రక్తం వచ్చింది. నాకు మాత్రం మెడ వెనక చల్లగా తగిలింది.

అప్పుడు... వంటింట్లో... టక్ మని.

జాడీ మూత పెట్టిన చప్పుడు. శీనూ విన్నాడు. వాడి చేతికర్ర మంచానికి ఆనించే ఉంది. వీధి తలుపుకి గడియ వేసే ఉంది.

వెళ్ళాను. ఎవరూ లేరు. జాడీకి మూత ఉంది. నేను పెట్టి వచ్చానో లేదో... అదొక్కటే నాకు గుర్తులేదు. గరిటెతో కొంచెం పులుసు తీశాను. ఊదాను. నాలిక మీద పెట్టాను.

ఉప్పు... సరిగ్గా ఉంది.

రెండో గుప్పిట విప్పాను. ఉప్పు అలాగే ఉంది. చెమటకి తడిసిపోయి.

శీను తప్పు సరిచేసి తెల్లారకముందే పంపేశాడు. ఉద్యోగం నిలిచింది. మా ఆయన తొమ్మిదిన్నరకి వచ్చి, పులుసు రెండుసార్లు వేయించుకుని, "ఇవాళ ఉప్పు కుదిరింది," అన్నాడు.

"నువ్వే ముందొకసారి వేసి మర్చిపోయుంటావు వదినా," అంటాడు శీను ఇప్పటికీ. కావచ్చు. నేనూ మనిషినే, మర్చిపోయే ఉంటాను.

కానీ చేపల పులుసంటే ప్రాణం పెట్టే శీను, ఆ రాత్రి గిన్నె వంక చూడకుండా పెరుగన్నం తిని లేచాడు.